బండి ఎవరిది, నష్టం ఎవరిది?

గంజాం జిల్లా దక్షిణపు కొసన, బాహుదా నది సముద్రంలో కలిసేచోట సోనేపూర్ ఉంది. అక్కడ చేపలు కొని, బరంపురం మీదుగా హౌరా వైపు పంపే తెలుగు వ్యాపారులను ఏళ్ళుగా వేధిస్తున్న ప్రశ్న ఇది: రవాణా మనమే చూసుకోవాలా, బయటి సంస్థకు అప్పగించాలా? ఇక్కడ మాట్లాడేది కలిసి వ్యాపారం చేసే అన్నదమ్ములు. ఖాతాపుస్తకం చూసే అన్న అప్పగిద్దామంటాడు. బండి నడిపించే తమ్ముడు వద్దంటాడు. ఇద్దరి మాటలోనూ బలం ఉంది కాబట్టి ఎవరినీ మధ్యలో ఆపలేదు.

అన్న: మన పని చేప కొనడం, చేప అమ్మడం. రోజులో సగం మాత్రం టైర్లకీ, డీజిలుకీ, డ్రైవరు సెలవులకీ పోతోంది. రేవులో పాట జరిగే వేళకి నువ్వు మెకానిక్ షెడ్డులో ఉంటున్నావు. కోనాం, చందువ బాగా దిగిన రోజున మంచి సరుకు ఎవరికి పోయిందో మనకి సాయంత్రం తెలుస్తోంది. ఉన్న బండి పాతబడింది. ఇప్పుడు కొత్తది కొనాలి, లేదా రవాణా మాట ఇంకొకరికి వదిలెయ్యాలి. నేను వదిలేద్దామంటాను.

తమ్ముడు: చేపకి వెల కట్టేది కిలో ఒక్కటే కాదన్నయ్యా, గంట కూడా. హౌరాలో తెల్లవారుజామున పాట మొదలయ్యేసరికి పెట్టెలు దిగి ఉంటే ఒక ధర, పాట సగం అయ్యాక దిగితే ఇంకో ధర. చేప అదే, ఐసు అదే. ఆ గంట మన చేతిలో ఉందంటే బండి మన చేతిలో ఉండబట్టే. బయటి సంస్థకి మనం పదిమందిలో ఒకళ్ళం. వాళ్ళ బండి మన పెట్టెలు ఎక్కించుకుని, గోపాల్‌పూర్ సరుకు కోసం ఓ గంట, ఛత్రపూర్‌లో ఇంకెవరి సరుకు కోసమో ఇంకో గంట ఆగుతుంది. వాళ్ళ లెక్కలో అది తప్పు కాదు, బండి నిండాలి కదా. నష్టం మాత్రం మనది.

అన్న: ఆగకూడదని రాయించుకోవచ్చు.

తమ్ముడు: రాయించుకోవచ్చు. కానీ ఏం రాయించాలో తెలియాలంటే పెట్టె దగ్గర కూర్చుని చూడాలి. మన షెడ్డులో ఆడవాళ్ళు పెట్టె సర్దడం గమనించావా? అడుగున దంచిన ఐసు ఒక పొర, దాని మీద చేప, చేప పొట్టకింద ఐసు ఇరికేలా పక్కకి వాల్చి, మళ్ళీ పొర. చేప ఎంతో ఐసు అంత, ఎండాకాలంలో ఇంకాస్త ఎక్కువే. పెట్టె అడుగున చిన్న కన్నం ఉంటుంది, కరిగిన నీళ్ళు పోవడానికి. ఆ కన్నం మూసుకుపోతే చేప తన నీళ్ళలోనే నానుతుంది. మొప్పలు ఎరుపు తప్పి గోధుమరంగుకి వస్తాయి, కన్ను గుంట పడుతుంది. కొనేవాడు చూసేది ఆ రెండే. ఒకసారి కిరాయి బండిలో మన పెట్టెల మీద వేరేవాళ్ళ బరువైన పెట్టెలు నాలుగు వరసలు పేర్చారు. థర్మాకోల్ నలిగి కన్నాలు మూసుకుపోయాయి. బండి వేళకే చేరింది, కాగితం ప్రకారం ఎక్కడా తప్పు లేదు. సరుకు సగం ధరకి పోయింది. ‘వేళకి చేర్చాలి’ అని రాయించుకున్నవాడికి ఆ కాగితం ఏం పనికొచ్చింది?

అన్న: ఇది నిజం. అప్పగించేవాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే అనుకుంటాను: చేరే వేళ రాయిస్తారు, చేరే స్థితి రాయించరు. ఎక్కేటప్పుడు చేప నడిమి ఉష్ణోగ్రత ఎంత, దిగేటప్పుడు ఎంత ఉండాలి, ఎన్ని వరసలకి మించి పేర్చకూడదు, దారిలో ఐసు ఎక్కడ వెయ్యాలి, ఇవి కాగితం మీదకి రావాలి. సున్నా డిగ్రీల దగ్గర ఉంచుతాననే మాట చాలదు. పెట్టెలో చిన్న లాగరు పెడితే దారి పొడుగునా ఎంత ఉందో నమోదవుతుంది. కానాగంతల్లాంటి చేప వేడికి చెడితే హిస్టమిన్ పుడుతుంది, వండినా పోదు. అంటే ఇది మన ధర ఒక్కదాని సంగతే కాదు, తినేవాడి ఆరోగ్యం కూడా. అయితే తమ్ముడూ, మన బండిలో ఎన్నడైనా లాగరు పెట్టామా?

తమ్ముడు: పెట్టలేదు. చెయ్యి పెట్టి చూస్తాం.

అన్న: అదే నా మాట. బయటివాడి దగ్గర కొలత అడుగుతాం, మన దగ్గర చెయ్యి. సరే, ఇక ఖర్చు చూద్దాం. మత్స్య సంపద యోజన కింద రిఫ్రిజిరేటెడ్ బండికి యూనిట్ ఖర్చు 25 లక్షలు కట్టారు. జనరల్ వాళ్ళకి 40 శాతం రాయితీ, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి 60 శాతం. మనకి పది లక్షలు వచ్చిందే అనుకో, మిగతా పదిహేను మనదే. వాయిదా, డ్రైవరు జీతం, బీమా, పన్ను, రిపేరు కలిపి నెలకి 60 వేలనుకుందాం. ఏడాదికి 7 లక్షల 20 వేలు. ఏడాదికి 180 ట్రిప్పులు తిరిగితే డీజిలు పోయకముందే ట్రిప్పుకి 4 వేలు. 120 ట్రిప్పులే అయితే 6 వేలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ బండి నిలబడే ఉంటుంది, వాయిదా ఆగదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. వచ్చేటప్పుడు ఖాళీ బండి. చేప వాసన కొట్టే బండిలో బియ్యమో బట్టలో ఎవడు వేస్తాడు?

తమ్ముడు: వచ్చేటప్పుడు ఖాళీ అన్నది ఒప్పుకుంటాను. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ నువ్వు మన ఖర్చు పైసాతో సహా వేశావు, వాళ్ళ రేటు మాత్రం కిలోకి ఇంత అని ఒక్క అంకె చూశావు. ఆ అంకె వెనక ఎన్ని ఉంటాయో చూడు. ఎక్కుడు దింపుడు హమాలీ వేరు. బండి రెండు గంటలకి మించి ఆగితే హాల్టింగు వేరు. దారిలో ఐసు వేరు. డీజిలు పెరిగితే ఆ మేరకు రేటు పెంచుకుంటారు, తగ్గితే తగ్గిస్తారని రాయరు. అన్నిటికంటే పెద్దది, నెలకి కనీసం ఇన్ని టన్నులు ఇస్తామని మనచేత ఒప్పించుకునే షరతు. ఇవ్వకపోయినా డబ్బు కట్టాలి. పన్నెండు నెలలకీ ఒకే అంకె వేసిన కాగితం మీద సంతకం పెట్టిన సోనేపూర్ వ్యాపారి మే నెలలో ఏం పంపిస్తాడు? నీ లెక్కలో మన బండి 61 రోజులు ఊరికే నిలబడింది. ఆ కాగితంతో వాళ్ళ బండి కూడా మన ఖర్చు మీదే నిలబడుతుంది.

అన్న: ఆ షరతు పెద్ద ఊళ్ళల్లో, గోదాముల సరుకుకి పనికొచ్చేలా అచ్చువేసిన కాగితం. అలాగే సంతకం పెడితే తప్పు మనదే. కనీసం అనేది ఏడాది మొత్తం మీద ఉండాలి, నిషేధం రోజులు తీసేసి.

తమ్ముడు: నువ్వు అడుగుతావు. నీకు కాగితం చదవడం వచ్చు. సోనేపూర్‌లో పది పెట్టెలు పంపేవాడు అడగగలడా? వాడి ముందు పెట్టేది వాడికొచ్చిన రెండు భాషల్లో ఏదీ కాని కాగితం. మన ఇళ్ళల్లో తెలుగు, బజార్లో ఒడియా, కాగితం ఇంగ్లీషులో, అదీ కంటికి ఆనని అక్షరాల్లో. ఆ చిన్న అక్షరాల్లో ‘ఓనర్స్ రిస్క్’, అంటే నష్టం సరుకు యజమానిదే, అని ఉంటుంది.

అన్న: ఆ సంగతికే వస్తున్నాను, ఎందుకంటే చట్టం మనవాళ్ళు అనుకునేదానికంటే మేలుగానే ఉంది. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం సరుకు మోసే సంస్థ రిజిస్టరయి ఉండాలి. సరుకు పోయినా పాడైనా, వాళ్ళ నిర్లక్ష్యం వల్లే జరిగిందని మనం రుజువు చెయ్యక్కర్లేదు. దైవఘటన, యుద్ధం, అల్లర్లు, ప్రభుత్వం విధించిన ఆంక్షలు లాంటివి చూపించి తప్పించుకోవచ్చు గానీ, జాగ్రత్త పడితే ఆపగలిగేదై ఉంటే అదీ కుదరదు. అదే మన డ్రైవరు రెండు గంటలు నిద్రపోయి సరుకు పాడు చేస్తే ఎవరి మీద దావా వేస్తావు? మన బండిలో పాడైన చేప మన ఒంటిమీదే పడుతుంది, అడిగే దిక్కు లేదు. అప్పగిస్తే అడిగే హక్కు వస్తుంది.

తమ్ముడు: హక్కు ఎంతకి? అది కూడా చెప్పు.

అన్న: చెప్తాను, దాచను. 2011 నాటి నిబంధనల ప్రకారం, ప్రత్యేకంగా ఏమీ రాయించుకోకపోతే సంస్థ బాధ్యత కిరాయికి పదింతలు, అదీ మనం చెప్పిన విలువకి మించకుండా. రెండు టన్నుల లోడు, 5 లక్షల సరుకు, కిరాయి 18 వేలు అనుకుందాం. పదింతలంటే లక్షా 80 వేలు. లోడు మొత్తం పోతే 3 లక్షల 20 వేలు మన నెత్తినే.

తమ్ముడు: రైల్లో పంపినా అంతే కదా. విలువ చెప్పి, దాని మీద శాతం కట్టి బుక్ చెయ్యకపోతే పార్సిల్‌కి కిలోకి 50 రూపాయలే. కోనాం కిలో ఎంతకి పోతోందో నీకు తెలుసు.

అన్న: రెండింటికీ మందు ఒకటే. సరుకు అసలు విలువ రాసి, ఎక్కువ రిస్కుకి ఎక్కువ రేటు కడతామని ఒప్పుకోవాలి. చట్టం ఆ దారి ఇచ్చింది. లేదా మన పేరు మీద సరుకు బీమా తీసుకోవాలి, ఐసు కరిగి చేప చెడిపోవడం కూడా అందులో ఉందో లేదో చదివి మరీ. మనవాళ్ళు విలువ తక్కువ రాస్తారు, కిరాయి పెరుగుతుందని. నాలుగొందలు మిగుల్చుకోవాలని మూడు లక్షలు వదులుకుంటారు. దీనికి రవాణా సంస్థని తిట్టి లాభం లేదు.

తమ్ముడు: సరే, రాశాం. విలువ రాశాం, రేటు కట్టాం. లోడు పోయింది. అప్పుడు నోటీసు, జవాబు, మళ్ళీ నోటీసు. ‘వివాదాలు ఫలానా ఊరి కోర్టులోనే’ అని బిల్టీ మీద, అంటే సరుకు రసీదు మీద, అచ్చువేసి ఉంటుంది, ఆ ఊరు బరంపురం కాదు. మనకి తిరిగే పెట్టుబడి ఒక లోడుది, మహా అయితే రెండు లోడ్లది. ఆ డబ్బు రెండేళ్ళ తర్వాత వచ్చినా, ఈ వారం రేవులో పాటకి చేతిలో ఉండాల్సిన డబ్బు అది. పెద్ద కంపెనీకి నష్టపరిహారం లెక్కల్లో ఒక వరస. మనకి అది అన్నం. నువ్వు చెప్పే హక్కు ఆగగలిగినవాడికే హక్కు.

అన్న: దీనికి నేను తేలిగ్గా జవాబు చెప్పలేను. ఒప్పందంలో రాయించుకోగలిగింది ఒకటుంది: పాడైనట్టు దింపేచోట ఇద్దరూ సంతకం చేస్తే, ఆ మొత్తం వచ్చే బిల్లుల్లోంచి విరగ్గోసుకునే హక్కు. అప్పుడు కోర్టుకి వెళ్ళాల్సింది వాళ్ళు, మనం కాదు. అందుకే కిరాయి ముందే కట్టెయ్యడం, నెలకింత అని ముందు చెల్లించడం పెద్ద తప్పు. డబ్బు మన దగ్గర ఉన్నంతసేపే మన ఫోను ఎత్తుతారు.

తమ్ముడు: అది కాస్త మంచి మాట. కానీ ఫోను ఎత్తేవాడు ఎవరు? మనం ఒప్పందం చేసుకున్నది ఒకడితో. వాడు లోడు బ్రోకరుకి ఇస్తాడు, బ్రోకరు ఖాళీగా పోతున్న బండిని ఆపి ఎక్కిస్తాడు. బండి ఖరగ్‌పూర్ దాటి ఆగిపోతే, డ్రైవరుకి మన పేరు తెలీదు, మన చేప సంగతి తెలీదు, ఐసు ఎక్కడ దొరుకుతుందో తెలీదు. మన డ్రైవరుకి ఈ దారిలో ప్రతి ఐసు ఫ్యాక్టరీ వాడూ పేరుపెట్టి తెలుసు. బాలాసోర్‌లో అర్ధరాత్రి షట్టరు తీయించగలడు.

అన్న: ఇంకొకరికి బదలాయించే ముందు మన అనుమతి కావాలని రాయాలి. బండి నంబరు, డ్రైవరు నంబరు ఎక్కించే ముందే మనకి రావాలి. బిల్టీ ఇచ్చేది ఒప్పందం చేసుకున్న సంస్థే కావాలి, ఎందుకంటే ఎన్ని పెట్టెలు, ఎంత బరువు అన్నదానికి ఆ రసీదే చట్టం ముందు సాక్ష్యం. ‘సరుకు ఉన్నట్టు చెప్పారు’ అని రాస్తే ఒప్పుకోకూడదు, లెక్కపెట్టి రాయాలి. పేరు లేని బ్రోకరు తెల్ల చీటీ మీద రాసిచ్చేదాన్ని నమ్మి లోడు ఎత్తడమంత ప్రమాదం ఇంకోటి లేదు, ఈ విషయంలో నువ్వూ నేనూ ఒకటే.

నీ డ్రైవరు సంగతి మాత్రం ఆలోచించు తమ్ముడూ. బాలాసోర్‌లో షట్టరు తీయించేది మన వ్యాపారం కాదు, అతని ముఖం. ఏ ఐసు ఎక్కడ మంచిది, ఏ టోలు దగ్గర ఎప్పుడు రద్దీ, హౌరాలో పెట్టె ఎవరు ముందు దింపుతారు, ఇవన్నీ అతని తలలో ఉన్నాయి. మన పుస్తకంలో ఒక్కటీ లేదు. రేపు అతను ఎక్కువ జీతానికి వేరేచోటికి పోతే మన దగ్గర ఏం మిగులుతుంది? మనం రవాణా అప్పగించలేదని నువ్వు అనుకుంటున్నావు. పదేళ్ళ కిందటే ఒక్క మనిషికి అప్పగించేశాం, కాగితం లేకుండా.

తమ్ముడు: (కాసేపటికి) ఆ మాట పొడుచుకుంది. నిజమే. అయినా ఆ మనిషి మన ఊరివాడు. ఆయన కూతురి పెళ్ళికి మనం వెళ్ళాం. ఆ తేడాకి కాగితంలో గడి లేదు.

అన్న: తేడా ఉందని నేనూ ఒప్పుకుంటాను. దాని మీద వ్యాపారం మొత్తం నిలబెట్టగలమా అన్నదే నా భయం.

తమ్ముడు: ఇంకో సంగతి. అప్పగిస్తే మన కొనుగోలుదారులందరి పేర్లు, నంబర్లు వాళ్ళ కంప్యూటర్లో ఉంటాయి. ఏ రోజు ఎన్ని టన్నులు, ఎవరికి, ఏ సరుకు. ఆ సంస్థే మనకి పోటీగా ఉన్నవాడి సరుకు కూడా మోస్తుంది. రెండు సీజన్లు గడిచాక మన వ్యాపారం మనకంటే వాళ్ళకే బాగా తెలుస్తుంది. ఒప్పందం ముగిసిన రోజున పాత ట్రిప్పుల వివరాలు ఇవ్వమంటే, మా సిస్టంలో అలా తీయడం కుదరదంటారు. ఇంకెవరితో మాట్లాడాలన్నా మన చేతిలో ఒక్క అంకె ఉండదు.

అన్న: ప్రతి నెలా ట్రిప్పుల పట్టిక మనకి ఇవ్వాలని ముందే రాయించాలి. బయటికి వచ్చే దారి లోపలికి వెళ్ళే రోజునే రాసుకోవాలి: ఎన్ని రోజుల నోటీసు, మన పెట్టెలు ఎవరు తిరిగివ్వాలి, బాకీ ఎలా తీరాలి. మొహమాటంతో ఆ పేజీ ఎవరూ రాయించరు. శుభమా అని మొదలుపెడుతూ విడిపోయే మాట ఎందుకని.

ఇక చేపకి లేని తలనొప్పి పచ్చళ్ళు, పట్టుచీరలు పంపే మన బరంపురం వాళ్ళకి ఉంది. పచ్చి చేపకి జీఎస్టీ లేదు కాబట్టి ఈ-వే బిల్లు గొడవ లేదు. వాళ్ళకి 50 వేలు దాటిన సరుకు రాష్ట్రం దాటితే బిల్లు ఉండాల్సిందే, 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు. దారిలో బండి మారితే కొత్త నంబరు అందులో ఎక్కించాలి. సంస్థ మర్చిపోతే సరుకు ఆపేస్తారు, విడిపించుకోవాలంటే పన్నుకి రెండింతలు జరిమానా. కట్టాల్సింది చీరల యజమాని. పని అప్పగించినా పన్ను శాఖ ముందు మన పేరు అలాగే ఉంటుంది.

తమ్ముడు: జీఎస్టీ రాకముందు, అంటే 2017 జులైకి ముందు, గిరిసోల సరిహద్దు గేటు దగ్గర లారీలు నిలబడిన రోజులు ఇంకా గుర్తే. ఇచ్ఛాపురం కళ్ళముందు కనిపిస్తుంటే దాటడానికి పూట పట్టేది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత, మన చుట్టాలు సగం అటు, సగం ఇటు. అప్పట్లో ఆ గేటు దాటించడానికే మనవాడంటూ ఒకడు బండిలో ఉండాల్సి వచ్చేది. ఆ అవసరం ఇప్పుడు తగ్గింది, అది నీ వైపు మాటే.

అన్న: నా వైపు అసలైన మాట ఇంకా చెప్పలేదు. దాదన్ సంగతి. సోనేపూర్‌లో చిన్న పడవవాడు వలకో ఇంజనుకో అడ్వాన్సు తీసుకుంటాడు. ఇచ్చినవాడికే చేప పొయ్యాలి, ఇచ్చినవాడు చెప్పిందే ధర. ఆ కట్టు ఎందుకు తెగదు? అప్పు వల్ల మాత్రమే కాదు. చేపని ఊరు దాటించే బండి ఆ వ్యాపారి దగ్గరే ఉంది కాబట్టి. పది పెట్టెలు నేరుగా పంపుకోగలిగితే, అప్పు తీర్చడానికి అతనికి దారి దొరుకుతుంది. రోజూ ఒక వేళకి వచ్చి, ఐదు పెట్టెలైనా యాభై పెట్టెలైనా ఒకే రేటుకి ఎత్తుకుపోయే బండి ఉంటే, ఈ రేవులో బేరం మారిపోతుంది. సొంత బండి మనకి బలం. ఆ బలం వేరేవాళ్ళకి బండి లేకపోవడంలోంచి వస్తోంది. ఇది నాకు చాలా రోజులుగా మనసులో ఉన్న మాట.

తమ్ముడు: మనం దాదన్ ఇచ్చేవాళ్ళం కాదు.

అన్న: ఇవ్వం. కానీ మన బండిలో వాళ్ళ పెట్టెలు ఎక్కించమంటే చోటు లేదంటాం.

తమ్ముడు: సరే అన్నయ్యా, నీ మాట న్యాయమే. బయటి బండి వస్తే ఐదు పెట్టెలవాడికి మేలు, దానికి ఎదురు చెప్పను. కానీ ఆ మేలు ఎన్నాళ్ళు? రేవులో ఉన్న సొంత బండ్లన్నీ అమ్ముడుపోయాక ఆ ఒక్క సంస్థే మిగిలితే రేటు ఎవరు పెడతారు? రేపు వాళ్ళే పడవలవాళ్ళకి అడ్వాన్సు ఇవ్వడం మొదలుపెడితే? అప్పుడు దాదన్ ఇచ్చేవాడు పక్క వీధిలో ఉండడు, వెళ్ళి తలుపు కొట్టడానికి. ఇంకా, పెట్టెలు సర్దడం కూడా కలిపి ఇమ్మంటారు, వాళ్ళకి ఒకే కొలత పెట్టెలు కావాలి. బరంపురంలో ఎక్కడో షెడ్డు కట్టి అక్కడే ప్యాకింగ్ పెడతారు. మన షెడ్డులో కూలి చేసుకునే ఆడవాళ్ళు పిల్లల్ని వదిలి అంతదూరం వెళ్ళలేరు. నీ ఖాతాలో ప్యాకింగ్ ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది. ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో రాబడి తగ్గిందో ఆ ఖాతాలో రాదు.

అన్న: ప్యాకింగ్ ఇవ్వొద్దు. ఆ పని మన దగ్గరే, మన ఊళ్ళోనే ఉండాలి. ఏది అప్పగించాలి, ఏది అప్పగించకూడదు అన్నది తేల్చుకోకుండా అంతా ఒకేసారి మూటగట్టి ఇవ్వడం కూడా తప్పే.

తమ్ముడు: తుపాను వస్తే? 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది, ఇటు గంజాం, అటు శ్రీకాకుళం రెండూ దెబ్బతిన్నాయి. అలాంటప్పుడు బయటి సంస్థ బండ్లు మొదట ఎటు పోతాయి? పెద్ద ఖాతాదారుల వైపు. దారి తెరిచిన మొదటి రోజున మన బండి మన గుమ్మంలో ఉంటుంది.

అన్న: గుమ్మంలో ఉంటుంది, చెట్టు పడి అద్దం పగిలి, ఇంజనులో నీళ్ళు దూరి. మన బండి మనతోపాటే మునుగుతుంది తమ్ముడూ. వాళ్ళ బండ్లు ఖుర్దాలోనో విజయనగరంలోనో పొడిగా ఉంటాయి. ఎన్ని గంటల్లో రావాలో ముందే రాయించుకుంటే వస్తాయి.

తమ్ముడు: రాయించుకుంటే, రాయించుకుంటే! నువ్వు ప్రతిదానికీ అదే అంటున్నావు. ఇన్ని రాయించుకోగలిగిన బలం మనకి ఉంటే, అసలు సొంత బండి నడుపుకోగలిగిన బలం కూడా ఉన్నట్టే కదా!

అన్న: ఉంది, ఒక్కళ్ళకి కాదు. రేవులో ఇరవైమంది పంపేవాళ్ళు కలిసి ఒకే కాగితం అడిగితే రాయక తప్పదు. ఒక్కొక్కళ్ళు విడివిడిగా వెళ్ళబట్టే వాళ్ళ అచ్చుకాగితం చెల్లుతోంది.

తమ్ముడు: ఇరవైమంది కలుస్తారా ఇక్కడ? పాటలో ఒకడి మీద ఒకడు పోటీ పడి, సాయంత్రం ఒకే బల్ల దగ్గర కూర్చుంటారా?

అన్న: కూర్చోకపోతే నువ్వు చెప్పిన భయాలన్నీ నిజమవుతాయి. అది ఒప్పుకుంటున్నాను.

తమ్ముడు: నేను ఒక మెట్టు దిగుతాను. రేవు నుంచి బరంపురం దాకా మన బండే. చిన్నది చాలు, ఐసు పెట్టె ఉన్న మూడు చక్రాల బండి. దానికీ రాయితీ ఉంది. బరంపురం నుంచి హౌరా దాకా బయటివాళ్ళకి ఇద్దాం. పొద్దున్న రేవు మన చేతిలోంచి పోదు.

అన్న: నాకు అది కొంత నచ్చింది, కొంత భయంగా ఉంది. చేయి మారే చోటు పెరిగిందంటే తప్పు ఎవరిదో తేలని చోటు పెరిగినట్టే. ఎక్కించేటప్పుడే చెడి ఉంది అని వాళ్ళంటారు, మీ బండిలో చెడింది అని మనమంటాం. బరంపురంలో మార్చే ప్రతిసారీ రెండు పెట్టెలు తెరిచి, ఉష్ణోగ్రత చూసి, వేళ రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. తెల్లారగట్ల మూడింటికి ఆ ఓపిక ఎవరికుంటుంది?

తమ్ముడు: నాకుంటుంది. రోజూ ఆ వేళకి మేలుకుని ఉండేది నేనే.

అన్న: ఎంతకాలం?

తమ్ముడు: మొదట ఒక్క సీజను. పాత బండి మాత్రం అమ్మను. షెడ్డులో ఉంటుంది, ఇన్సూరెన్సు కడతాను. చేతిలో బండి ఉందని తెలిస్తేనే వాళ్ళు మర్యాదగా మాట్లాడతారు.

అన్న: ఒక్క సీజనుకి ఎవడూ మంచి రేటు ఇవ్వడు. మూడేళ్ళంటే ఇస్తాడు. షెడ్డులో నిలబెట్టిన బండి ఖర్చు నేను ముందే లెక్క కట్టి చూపించాను.

తమ్ముడు: మూడేళ్ళకి రాసిస్తే నాలుగో ఏడు హౌరాలో పెట్టె ఎవరు దింపుతారో కూడా మనకి తెలీదు. రేటు ఎక్కువైనా ఒక్క సీజనే.

అన్న: ఇక్కడ నువ్వూ నేనూ కలవం. జూన్ 15న పడవలు దిగుతాయి, ఆలోపు ఏదో ఒకటి తేలాలి.

ఈ వాదం ఇద్దరి మధ్యా తేలలేదు. రేవుల్లో, బజార్లలో ఇలాంటి కాగితం ముందు పెట్టుకున్న పాఠకులకి ఒక్క మనవి. బయటి బండికి సరుకు ఇచ్చేటప్పుడు బిల్టీలో సరుకు విలువ గడిని ఖాళీగా వదలకండి. సరుకు పోయినా పాడైనా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వడానికి చట్టం ఇచ్చిన గడువు 180 రోజులు, అదీ సరుకు పాడైన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి.